గెట్టిస్‌బర్గ్ లూథరన్ సెమినరీ ఇప్పటికీ ఉందా? మన పిల్లలు అక్కడికి ఎప్పుడు వెళ్తే మంచిది?

వందనాలు.

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "మాది గుంటూరు దగ్గర ఏఈఎల్‌సీ (ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం) వారి సంఘం. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. పాస్టరుగా సేవ చేయాలని ఉంది. అమెరికా నుంచి గుంటూరుకు వచ్చిన హయ్యర్ అయ్యగారు, ఇతర మిషనరీలు చదువుకున్న గెట్టిస్‌బర్గ్ సెమినరీ (పాస్టర్లను తయారు చేసే వేదాంత కళాశాల) ఇంకా ఉందా? దాని చరిత్ర ఏమిటి, ఏ కోర్సులు ఉన్నాయి? నేరుగా అక్కడే ఎం.డివ్ (పాస్టరు కావడానికి చదివే డిగ్రీ) చేస్తే మంచిదా?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సెమినరీ ఉంది, కానీ ఆ పేరుతో లేదు. 2017లో అమెరికా పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెట్టిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా సెమినరీలు రెండూ కలిసి యునైటెడ్ లూథరన్ సెమినరీ అయ్యాయి. ఇక మీ చివరి ప్రశ్నకు నా మాట: తెలుగు సంఘంలో పాస్టరు కావాలనుకుంటే ఎం.డివ్ కోసం నేరుగా అక్కడికి వెళ్లకండి. ముందు ఇక్కడ బీడీ (మన దగ్గర పాస్టరు కావడానికి చదివే వేదాంత డిగ్రీ) చేయండి, కొన్నేళ్లు పారిష్‌లో, అంటే ఒక పాస్టరు చూసే సంఘాల్లో, పనిచేయండి, ఆ తర్వాత ఎస్.టి.ఎంకి (బీడీ తర్వాత చేసే పై చదువుకి) వెళ్లండి. నేను ఇరవై ఏళ్లకు పైగా బీడీ విద్యార్థులకు సంఘ చరిత్ర చెప్పాను. మధ్యలో ఒక ఏడాది పెన్సిల్వేనియాలో ఎస్.టి.ఎం చేశాను. ఆ రెండు అనుభవాలతోనే ఈ మాట చెబుతున్నాను.

మీ ప్రశ్నలో ఒక చిన్న పొరపాటు ఉంది, అది సరిచేయాలి. మన సంఘాల్లో చాలామంది అలాగే అనుకుంటారు. హయ్యర్ అయ్యగారు గెట్టిస్‌బర్గ్ విద్యార్థి కాదు. ఆయన 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, కుర్రవాడిగా అమెరికా వెళ్లారు. ఫిలడెల్ఫియాలో హెల్ముత్, షేఫర్ అనే ఇద్దరు పాస్టర్ల దగ్గర వేదాంతం నేర్చుకున్నారు. కొంతకాలం జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో చదివారు. అప్పట్లో అమెరికా లూథరన్లలో ఎక్కువమంది పాస్టర్లు అలాగే తయారయ్యేవారు. ఒక పెద్ద పాస్టరు ఇంట్లో ఉండి, ఆయన పుస్తకాలు చదివి, ఆయన వెంట సంఘాలు తిరిగి పని నేర్చుకునేవారు. మన దగ్గర గురువు ఇంట్లో ఉండి చదువుకోవడం లాంటిదే.

ఆ పద్ధతి చాలదు, ఒక క్రమంలో చదువు చెప్పే చోటు కావాలి అని పట్టుబట్టినవారు శామ్యూల్ సైమన్ ష్మకర్. ఆయన ప్రిన్స్‌టన్ సెమినరీలో చదివి వచ్చారు. 1826లో గెట్టిస్‌బర్గ్‌లో సెమినరీ మొదలైతే మొదటి ప్రొఫెసరు ఆయనే. ఇప్పటికీ నడుస్తున్న అమెరికా లూథరన్ సెమినరీల్లో అదే పాతది. 1832లో ఊరి పడమటి వైపు గట్టు మీద ఇటుకలతో పెద్ద భవనం కట్టారు. పైన చిన్న గోపురం ఉంటుంది. క్లాసులు, హాస్టలు, లైబ్రరీ అన్నీ అందులోనే నడిచాయి.

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలై 1న ఆ గట్టు చుట్టూనే పోరు జరిగింది. ఉత్తర సైన్యపు అశ్విక దళాధిపతి జాన్ బ్యూఫర్డ్ ఆ గోపురం ఎక్కి శత్రువు రాకను చూశాడు. సాయంత్రానికి గట్టు దక్షిణ సైన్యం చేతికి పోయింది. విద్యార్థుల గదుల్లో రెండు సైన్యాల క్షతగాత్రులనూ పడుకోబెట్టారు. కొన్ని వారాలపాటు ఆ భవనం ఆసుపత్రిగానే ఉంది. ఆ గట్టును ఇప్పటికీ సెమినరీ రిడ్జ్ అనే పిలుస్తారు. 2013 నుంచి ఆ పాత భవనం మ్యూజియం అయింది.

నేను దాని ముందు మొదటిసారి నిలబడినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది యుద్ధం కాదు, డేనియల్ పేన్. ఆయన నల్లజాతి యువకుడు. 1835లో, అంటే దేశంలో ఇంకా బానిసత్వం ఉన్న రోజుల్లో, ఆ సెమినరీలో చేరాడు. ష్మకర్ బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు కాబట్టి ఆ తలుపు తెరుచుకుంది. చూపు దెబ్బతిని పేన్ చదువు ముగించలేకపోయాడు. కానీ తర్వాత ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంలో బిషప్ అయ్యాడు, విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అమెరికా లూథరన్లలో పాస్టరుగా అభిషేకం పొందిన మొదటి స్త్రీ ఎలిజబెత్ ప్లాట్జ్ కూడా గెట్టిస్‌బర్గ్‌లోనే చదివారు. ఆమె అభిషేకం 1970లో జరిగింది. మన సినడ్లలో (సంఘపు ప్రాంతీయ విభాగాల్లో) చదువుకున్న ఆడపిల్లలు సేవకు వస్తామంటే ఇంకా సందేహించే పెద్దలు ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇప్పుడు అసలు మనకు సంబంధించిన భాగానికి వస్తాను. క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

ష్మకర్ అభిప్రాయాలు క్రమంగా కొందరికి మింగుడుపడలేదు. లూథరన్ల మూల విశ్వాస పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనను అమెరికాకు తగ్గట్టు కొంత సవరించాలని 1855లో ఆయన ప్రతిపాదించారు. పెన్సిల్వేనియా మినిస్టీరియం (అక్కడి లూథరన్ సంఘాల కూటమి) వారికి అది నచ్చలేదు. పాత విశ్వాస పత్రాలను ఉన్నదున్నట్టు నిలబెట్టాలన్నది వారి పట్టు. చార్ల్స్ పోర్టర్‌ఫీల్డ్ క్రౌత్ వంటి పండితులు ఆ పక్షాన నిలిచారు. 1864లో తెగతెంపులు మొదలయ్యాయి. అదే ఏడు వారు ఫిలడెల్ఫియాలో వేరే సెమినరీ పెట్టుకున్నారు. అమెరికా లూథరన్ సంఘాల్లో గెట్టిస్‌బర్గ్ పక్షపు జనరల్ సినడ్ ఒకవైపు, ఫిలడెల్ఫియా పక్షాన తర్వాత కొత్తగా ఏర్పడిన జనరల్ కౌన్సిల్ మరొకవైపు అయ్యాయి.

ఎక్కడో పెన్సిల్వేనియాలో జరిగిన ఈ తగవు కృష్ణా, గోదావరి తీరాల్లో మనల్ని రెండుగా చీల్చింది. గుంటూరు జనరల్ సినడ్ వైపు ఉండిపోయింది. అక్కడ గెట్టిస్‌బర్గ్‌లో చదివిన ఉనాంగ్స్ట్ అనే మిషనరీ 1858 నుంచి పనిచేస్తున్నారు. అంతర్యుద్ధం వల్ల డబ్బూ లేదు, మనుషులూ లేరు. కొన్నేళ్లు భారమంతా ఆయన ఒక్కడి మీదే పడింది. రాజమండ్రిని ఇక నడపలేం, ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీకి అప్పగిద్దాం అనే దాకా వచ్చింది. ఆ మాట అంతకుముందు రాజమండ్రిలో పనిచేసి జర్మనీ వెళ్లిన గ్రోనింగ్ చెవిన పడింది. వదలవద్దని ఆయన పెన్సిల్వేనియా వారిని వేడుకున్నారు. సరే, కానీ వెళ్లేదెవరు? 1869లో పెన్సిల్వేనియా మినిస్టీరియం సభలో లేచి నిలబడి, నేను సిద్ధంగా ఉన్నాను, ఇప్పుడే బయల్దేరతాను అన్నది హయ్యర్ అయ్యగారు. అప్పటికి ఆయన వయసు 76కు దగ్గర. అలా రాజమండ్రి నిలబడింది, జనరల్ కౌన్సిల్ వైపు వెళ్లింది.

ఆయన 1842 జూలై 31న మొదటిసారి గుంటూరులో అడుగుపెట్టారని మీకు తెలిసే ఉంటుంది. కలెక్టరు స్టోక్స్ ఆదరించారు. మధ్యలో అమెరికా వెళ్లి 1847లో బాల్టిమోర్‌లో వైద్యం చదివి ఎం.డి. పట్టా తీసుకుని, మళ్లీ 1848లో వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. మూడోసారి వచ్చి రాజమండ్రిని కుదుటపరిచి 1871లో తిరిగి వెళ్లాక ఆయన చేసిన ఆఖరి పని ఏమిటో తెలుసా? ఫిలడెల్ఫియా సెమినరీలో విద్యార్థుల బాగోగులు చూసే చాప్లిన్‌గా ఉన్నారు. అప్పటి సెమినరీ నగరం మధ్యలో ఉండేది. నగరంలోనే మౌంట్ ఎయిరీ ప్రాంగణానికి మారింది 1889లో. 1873లో ఆయన కన్నుమూశారు. మన రాజమండ్రి మట్టి తొక్కి వచ్చిన పెద్దాయన కుర్ర విద్యార్థుల మధ్య కూర్చుని గోదావరి కబుర్లు చెప్పి ఉంటారు అనుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అమెరికాలో విడిపోయినవారు 1918లో కలిశారు. ఇక్కడ గుంటూరు, రాజమండ్రి కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం, అంటే మన ఏఈఎల్‌సీ, ఏర్పడింది. ఆ రెండు సెమినరీలు మాత్రం 2017 వరకు విడివిడిగానే నడిచాయి. తల్లి ఇల్లు 153 ఏళ్లకు కలిసింది, పిల్లల ఇల్లు అంతకు 90 ఏళ్ల ముందే కలిసింది.

ఇక కోర్సుల సంగతి. యునైటెడ్ లూథరన్ సెమినరీలో ముఖ్యమైనవి నాలుగు.

ఎం.డివ్. ఇది పాస్టరు కావడానికి చదివేది. మామూలు డిగ్రీ తర్వాత మూడు, నాలుగేళ్లు పడుతుంది. పాత నిబంధన, క్రొత్త నిబంధన, వేదాంతం, సంఘ చరిత్ర, ప్రసంగం, కాపరి పని అన్నీ ఉంటాయి. అభిషేకం కోసం చదివే అమెరికా విద్యార్థికి క్లాసులు మాత్రమే చాలవు. ఏదైనా సంఘంలో ఇంటర్న్‌షిప్ చేయాలి. సి.పి.ఇ అని ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చుని నేర్చుకునే శిక్షణ ఉంటుంది, ఒక్క యూనిట్ కనీసం 400 గంటలు. వీటన్నిటితో పాటు సంఘం నియమించిన కమిటీ ఆ విద్యార్థిని మూడు దశల్లో కూర్చోబెట్టి పరిశీలిస్తుంది. అంటే సెమినరీ ఒక్కటే పాస్టరును తయారు చేయదు. సెమినరీ, సంఘం రెండూ కలిసి తయారు చేస్తాయి.

ఎస్.టి.ఎం. బీడీ లేదా ఎం.డివ్ అయినవారికి. పూర్తికాలం చదివితే సుమారు ఏడాది. ఒక విషయం ఎంచుకుని లోతుగా చదివి థీసిస్ రాయాలి. మన దగ్గర నుంచి వెళ్లేవారికి ఎక్కువగా సరిపోయేది ఇదే.

డి.మిన్. కొన్నేళ్లు సేవలో ఉన్న పాస్టర్లకు. తమ సంఘంలో ఎదురైన సమస్యనే తీసుకుని పనిచేయాలి.

పీహెచ్‌డీ. ఫిలడెల్ఫియా వైపు నుంచి వచ్చిన కార్యక్రమం. బోధనలోకి వెళ్లాలనుకునేవారికి. మీరు ఇప్పుడే ఆలోచించాల్సింది కాదు.

వీటితో పాటు చిన్న సర్టిఫికెట్ కోర్సులు, మామూలు విశ్వాసుల కోసం ఎం.ఏ.లు ఉంటాయి. దూరవిద్య పద్ధతిలో కూడా క్లాసులు నడుస్తున్నాయి. ఏ కోర్సు ఎలా నడుస్తుందో చేరే ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోండి, ఇవి మారుతూ ఉంటాయి.

మరి ఇక్కడ ఏముంది? రాజమండ్రి లూథర్‌గిరిలో మన సెమినరీ ఉండేది. 1964లో అక్కడి ప్రాంగణంలోనే లూథరన్, బాప్టిస్టు, దోర్నకల్ వేదాంత పాఠశాలలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయ్యాయి. 1970ల మొదట్లో అది హైదరాబాద్ గాంధీనగర్‌కు మారింది. వేదాంత డిగ్రీలు ఇచ్చే శ్రీరాంపూర్ సెనెట్‌కు అనుబంధంగా బీడీ చెబుతుంది. సెనెట్ మూలం 1818లో పెట్టిన శ్రీరాంపూర్ కళాశాల. డెన్మార్క్ రాజు 1827లో దానికి డిగ్రీలు ఇచ్చే అధికారం ఇచ్చాడు. డిగ్రీ చేసినవారికి బీడీ మామూలుగా నాలుగేళ్లు, ఇంటర్ మీద చేరితే ఐదు. చెన్నై కీల్పాక్‌లోని గురుకుల్ కూడా లూథరన్ల కళాశాలే. ఎం.టిహెచ్ (బీడీ తర్వాత చేసే మాస్టర్స్ డిగ్రీ), పరిశోధన చేయాలనుకునేవారు అక్కడికి వెళ్తుంటారు.

బీడీ ముందు ఇక్కడే చేయమని ఎందుకు అంటున్నానో చెప్తాను.

నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒక కుర్రవాడు ఉండేవాడు. తెలివైనవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. నా మాట వినకుండా బీడీ చేయకుండానే విదేశంలో ఒక సెమినరీకి ఎం.డివ్‌కి వెళ్లాడు. మంచి మార్కులతో పూర్తి చేసుకుని తిరిగొచ్చాడు. మొదటి నెలలోనే ఒక పల్లెలో చావు వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్లవాడు, పాము కరిచి పోయాడు. తల్లి శవం మీద పడి రాగం తీసి ఏడుస్తోంది. ఊరంతా వాకిట్లో ఉంది. ఇతను చేతిలో ఆరాధన క్రమం పట్టుకుని నిలబడిపోయాడు. ఆ ఏడుపు ఆగాక మొదలుపెట్టాలా, ఆపమని చెప్పాలా, దాని మధ్యలోనే ప్రార్థన చేయాలా తెలియలేదు. చివరికి ఆ ఊరి ఉపదేశి ముసలాయన ముందుకొచ్చి, ఆ తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా కీర్తన ఎత్తుకున్నాడు. ఆమె కాసేపటికి ఆ కీర్తనలో గొంతు కలిపింది. ఇతను ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అయ్యగారూ, నేను నేర్చుకున్న ప్రతి మాటా ఇంగ్లీషులోనే ఉండిపోయింది" అన్నాడు. అతని తప్పేమీ లేదు. అతనికి శిక్షణ ఇచ్చినవారు అక్కడి ఆసుపత్రులకు, అక్కడి సంఘాలకు తగ్గట్టు ఇచ్చారు. వాళ్ల పని వాళ్లు బాగానే చేశారు. మూడేళ్లు మన దగ్గర ఒక పెద్ద పాస్టరు దగ్గర సహాయకుడిగా పనిచేశాక ఇప్పుడు చాలా మంచి కాపరి అయ్యాడు.

ఇక్కడ బీడీలో పరీక్షలు ఇంగ్లీషులో రాసినా వారాంతాల్లో సంఘాలకు పంపుతారు. అక్కడ మీ ప్రసంగం తెలుగులోనే ఉండాలి. గ్రీకు క్లాసులో యోహాను సువార్త మొదటి వచనంలోని 'లోగోస్' దగ్గర నేను ఎప్పుడూ ఆగేవాణ్ని. మనవాళ్లు దానికి 'వాక్యము' అని పెట్టారు. ఎందుకు 'మాట' అనలేదు, 'జ్ఞానము' అనలేదు అని అడిగేవాణ్ని. ఆ చర్చ ఒక గంట నడిచేది. తెలుగులో పుట్టి పెరిగిన పిల్లలు పది మంది కూర్చుంటేనే అలాంటి చర్చ వస్తుంది. ఫిలడెల్ఫియాలో ఎంత గొప్ప ప్రొఫెసరు ఉన్నా ఆ గంట మీకు దొరకదు.

దీనికి ఎదురుగా ఇంకొకరి సంగతి. నా విద్యార్థిని ఒకమ్మాయి, సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. బీడీ చేసింది, ఆరేళ్లు స్త్రీల మధ్య పనిచేసింది. వేటకెళ్లి తిరిగిరానివారి భార్యలకు సంఘం ఏం చెప్పాలి, శవం దొరకని చావుకు ఎలాంటి ఆరాధన చేయాలి అన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. ఆ ప్రశ్నతో ఎస్.టి.ఎంకి వెళ్లింది. లైబ్రరీలో ఏ పుస్తకం తీయాలో, ఏ ప్రొఫెసరును ఏం అడగాలో ఆమెకు మొదటి రోజు నుంచే తెలుసు. ఏడాదిలో ఆమె సంపాదించుకున్నది ఇంకొకరు నాలుగేళ్లలో సంపాదించలేరు. ప్రశ్న ఇక్కడి నుంచి తీసుకెళ్లండి. జవాబు వెతకడానికి అక్కడి లైబ్రరీ ఉంది.

నా సంగతీ అంతే. మౌంట్ ఎయిరీలో క్రౌత్ పేరు మీద ఉన్న లైబ్రరీలో పాత మిషన్ కాగితాలు చూస్తూ కూర్చున్నాను. ఒక ఉత్తరంలో సిరా వెలిసిపోయి గోధుమ రంగుకు తిరిగింది. ఇంగ్లీషు వాక్యాల మధ్య ఒక్క ఊరి పేరు మాత్రం తెలుగు అక్షరాల్లో ఉంది. రాసినాయనకు ఒత్తులు ఇంకా సరిగా కుదరలేదు. దిద్ది మళ్లీ రాశారు. నేను పదిహేనేళ్లు సంఘ చరిత్ర చెప్పి వెళ్లాను కాబట్టి ఆ దిద్దుబాటు దగ్గర ఆగాను. డిగ్రీ అయిన వెంటనే వెళ్లి ఉంటే పేజీ తిప్పేసేవాణ్ని.

అయితే నా సలహా అందరికీ వర్తించదు. మీ కుటుంబం అక్కడే స్థిరపడి ఉంటే, అక్కడి సంఘంలోనే సేవ చేయాలనుకుంటే, అక్కడి ఎం.డివ్ చేయడమే సరైనది.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు.

మొదటిది గుర్తింపు. అమెరికా సెమినరీ ఏదైనా అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్ గుర్తింపు ఉందో లేదో ముందు చూడండి. యునైటెడ్ లూథరన్ సెమినరీకి ఉంది. వాట్సాప్‌లో వచ్చే "ఆరు నెలల్లో డాక్టరేట్" ప్రకటనలకు దూరంగా ఉండండి. ఒక మంచి పాస్టరు భార్య గాజులు తాకట్టు పెట్టి అలాంటి కాగితం కొనుక్కున్నాడు, గౌను వేసుకుని ఫొటో కూడా దిగాడు. తర్వాత ఎం.టిహెచ్‌కి దరఖాస్తు చేస్తే ఆ కాగితాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను.

రెండోది డబ్బు. స్కాలర్‌షిప్ ఫీజుకు సరిపోయిందా, ఉండటానికి, తిండికి, ఆరోగ్య బీమాకు కూడా వస్తుందా అని విడివిడిగా అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. వీసా వాళ్లకూ ఆ లెక్క చూపించాలి. చాలామంది టెన్షన్ పడేది ఇంగ్లీషు పరీక్ష గురించి, కానీ ప్రయాణం ఆగిపోయేది ఎక్కువగా ఈ లెక్క దగ్గరే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మీ సంఘం లేఖ. సంఘాల మధ్య సంబంధాల ద్వారా వచ్చే స్కాలర్‌షిప్‌లకు మీ సంఘం సిఫారసు అడుగుతారు. ఇక్కడ బీడీకీ సంఘం పంపితేనే మేలు. సొంతంగా చేరి చదివినవారికి తర్వాత అభిషేకం, పోస్టింగ్ దగ్గర చాలా ఇబ్బందులు వస్తాయి. సినడ్ రాజకీయాల వల్ల లేఖ ఆలస్యమైతే నిరుత్సాహపడకండి. ఆ ఏడాది మీ పారిష్‌లో సండే స్కూలు చెప్పండి, యువజన సంఘంలో పనిచేయండి. ఇంటర్వ్యూలో మేము చూసేది అదే. నేను ఇంటర్వ్యూ కమిటీలో ఉన్న రోజుల్లో మార్కుల జాబితా కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటి ఉండేది: "మీ సంఘంలో గత నెల మీరు ఎవరి ఇంటికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు?"

డిగ్రీ పరీక్షలు అయ్యేలోపు మీ పారిష్ అయ్యగారిని ఒక సాయంత్రం కలవండి. బాప్తిస్మం, నిర్ధారణ సర్టిఫికెట్లు, పది నుంచి మార్కుల పత్రాలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. మీకు పిలుపు ఎలా కలిగిందో ఒక పేజీ రాయమంటారు. దాన్ని తెలుగులోనే రాయండి. రాశాక కావాలంటే ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.